పిల్లకీ తల్లికీ పోలికే లేదు: సముద్ర అర్చిన్ డింభకం ఎక్కడి నుంచి వచ్చింది?

సుద్దముక్క | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మొన్న ఇఖైనోడెర్మేటా (అర్చిన్లు, సముద్ర నక్షత్రాల లాంటి ముళ్ల చర్మపు జీవులు) పాఠం నడుస్తుండగా రెండో బెంచీ అమ్మాయి లేచి అడిగింది. "మేడమ్, పెద్ద అర్చిన్ గుండ్రంగా, ఐదు భాగాలుగా ఉంటుంది కదా. దాని డింభకానికేమో, అదే గుడ్డులోంచి వచ్చే పిల్లకి, కుడి ఎడమలు ఉన్నాయి. ఆ పిల్లే పెద్దదిగా మారుతుందా, లేక ఆ పిల్ల లోపల పెద్దది వేరేగా పుడుతుందా?"

రూపవిక్రియ (పిల్ల రూపం పెద్ద రూపంగా మారడం) అని ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్లిపోయాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఎందుకంటే ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న, నేను చెప్పింది జవాబు కాదు. మా నోట్సులో "ద్విపార్శ్వ సౌష్ఠవం గల డింభకం పూర్వీకుల రూపాన్ని తెలుపుతుంది" అని ఒక వాక్యం ఉంది. ఏళ్ల తరబడి అదే రాయిస్తున్నాను. అది ఎంతవరకు నిజం? డింభకం పూర్వీకుల ఫొటో లాంటిదేనా, లేక డింభకం కూడా తన దారిన తాను మారుతూ వచ్చిందా? తెలిసినవాళ్లు కొంచెం ఓపిగ్గా చెప్పండి.

ల్యాబ్‌రాత్రులు | సోమవారం, రాత్రి 11:15

మేడమ్, మీ స్టూడెంట్‌కి నా నమస్కారాలు చెప్పండి. తను అన్న రెండు మాటలూ నిజమే.

సాధారణ అర్చిన్ గుడ్డు మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. అందులోంచి వచ్చేది ప్లూటియస్. సన్నని సున్నపు కడ్డీల మీద నిలబడ్డ పొడవాటి చేతులు, ఆ చేతుల అంచు వెంట శైలికల (కదిలే బుల్లి వెంట్రుకల) పట్టీ, నోరు, పొట్ట, మలద్వారం, అన్నీ ఉన్న పూర్తి జీవి. వారాల తరబడి నీళ్లలో ఈదుతూ, కంటికి కనిపించని శైవలాలు (నాచు జాతి బుల్లి జీవులు) తింటూ బతుకుతుంది. ఆ తింటున్న రోజుల్లోనే దాని ఒంట్లో ఎడమ వైపున, పొట్ట పక్కన, చిన్న మొగ్గ లాంటిది మొదలవుతుంది. ఎడమ వైపు శరీర కుహరం సంచీ, దానికి ఎదురుగా చర్మం లోపలికి ముడుచుకుని ఏర్పడ్డ గది, రెండూ కలిసి పెద్ద అర్చిన్‌కి పునాది వేస్తాయి. ఐదు భాగాల లెక్క అక్కడే మొదలవుతుంది. నాళికా పాదాలు, ముళ్లు లోపలే తయారవుతాయి.

సరైన చోటు దొరికి నేల మీద దిగాక ఆ మొగ్గ బయటికి తిరగబడుతుంది. పాదాలు నేలను పట్టుకుంటాయి. డింభకం చేతులు కుంచించుకుపోయి, ఆ ఒళ్లు చాలావరకు కరిగి పిల్ల అర్చిన్‌లో కలిసిపోతుంది. ప్రధానమైన మార్పంతా గంట లోపే అయిపోతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు రాత్రి రెండు దాటింది, ల్యాబ్‌లో ఎవరూ లేరు. మైక్రోస్కోపు దగ్గర నుంచి లేవబుద్ధి కాలేదు.

జన్యువుల వైపు నుంచి చూసినా ఇదే కథ. ఒంటికి తల నుంచి తోక దాకా పటం గీసే హాక్స్ జన్యువుల్లో ఎక్కువ భాగం అర్చిన్ పిండంలో, తొలి డింభకంలో పని చేయవు. పెద్ద శరీరం తయారయ్యే వేళకే వాటికి పని.

పాతపాఠం | మంగళవారం, ఉదయం 6:20

అమ్మా, నేను రిటైరైన లెక్చరర్‌ని. ఆ వాక్యం మేమూ రాయించాం. దాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. దాని వెనక పెద్ద చరిత్ర ఉంది.

యోహానెస్ ముల్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1840లలో ఉత్తర సముద్రంలో హెల్గోలాండ్ దీవి దగ్గర సన్నని వలతో నీళ్లు వడకట్టి చూస్తే ఈ వింత జీవాలు కనిపించాయి. బొమ్మలు గీసేవాళ్ల ఈజిల్ స్టాండు లాగా ఉన్నాయని ప్లూటియస్ అని పేరు పెట్టాడు. ఆయనే టోర్నేరియా అనే ఇంకో డింభకాన్ని చూసి సముద్ర నక్షత్రం పిల్ల అనుకున్నాడు. అంత పోలిక! తర్వాత 1870 ప్రాంతంలో మెచ్నికోఫ్ అనే శాస్త్రవేత్త అది పెరిగి బెలనోగ్లాసస్ అనే పురుగు అవుతుందని చూపించాడు. ఒక పక్క ముళ్ల చర్మపు జీవులు, ఇంకో పక్క ఇసుకలో బొరియ చేసుకునే మెత్తటి పురుగు. పెద్దయ్యాక ఒక్క పోలిక కూడా లేదు. డింభకాలు మాత్రం అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. ఈ రెండు వర్గాలకూ చుట్టరికం ఉందని ఆ మెచ్నికోఫే తర్వాత అన్నాడు. ఈరోజు డీఎన్ఏ కూడా అదే చెబుతోంది. మరి డింభకం పూర్వీకుల జాడ చూపించినట్టే కదా?

తీరంవాసి | మంగళవారం, ఉదయం 8:05

మాది విశాఖ. భీమిలి వైపు రాళ్ల సందుల్లో నల్లగా, లావు ముళ్లతో ఉండేవాటిని చిన్నప్పుడు ముళ్లబంతులు అనేవాళ్లం. కాలికి గుచ్చుకుంటే పెద్ద టెన్షన్. వాటికీ ఇలాంటి పిల్లలే ఉంటాయా?

ల్యాబ్‌రాత్రులు | మంగళవారం, ఉదయం 10:30

తీరంవాసి గారూ, అవి బహుశా స్టోమోప్‌న్యూస్టిస్ అయ్యుంటాయి. అవి కూడా చిన్న గుడ్లు పెట్టి, తినే ప్లూటియస్‌లను నీళ్లలోకి వదిలే రకమే. మన తూర్పు తీరంలో ఈ పని కొత్తదేమీ కాదు. మద్రాసులో గోపాల అయ్యర్ గారు శాల్మాసిస్ బైకలర్ అనే అర్చిన్ గుడ్డు నుంచి రూపవిక్రియ దాకా మొత్తం అభివృద్ధిని 1935లోనే ప్రచురించారు.

పాతపాఠం మాస్టారూ, టోర్నేరియా విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. డింభకంలో పాత చుట్టరికాల జాడలు ఉంటాయి. నా ఇబ్బంది "పూర్వీకుల రూపం" అన్న మాటతోనే. ఆ మాట వింటే డింభకం మారకుండా అలాగే ఉండిపోయిందని పిల్లలు అనుకుంటారు. మారుతుంది, అదీ చాలా వేగంగా. నేను సిడ్నీలో చదువుకున్నప్పుడు చేతులతో పట్టుకుని చూసిన ఉదాహరణ చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, క్షమించాలి.

ఆస్ట్రేలియా తీరంలో హీలియోసిడారిస్ అనే ప్రజాతి ఉంది. అందులో రెండు జాతులు ఒకే తీరంలో, ఒక్కోసారి ఒకే రాతి మీద దొరుకుతాయి. ఒకటి ట్యూబర్‌క్యులేటా, రెండోది ఎరిత్రోగ్రామా. కొన్ని మిలియన్ సంవత్సరాల క్రితమే విడిపోయిన దగ్గరి బంధువులు. పెద్దవాటిని పక్కపక్కన పెడితే ఒకే కుటుంబం అని ఎవరైనా చెప్పేస్తారు.

ట్యూబర్‌క్యులేటా గుడ్డు సుమారు 95 మైక్రాన్లు. మామూలు ప్లూటియస్, వారాల తరబడి తిని, పెరిగి, తర్వాత మారుతుంది. ఎరిత్రోగ్రామా గుడ్డు సుమారు 430 మైక్రాన్లు. అడ్డంగా నాలుగున్నర రెట్లే అనిపిస్తుంది గానీ ఘనపరిమాణంలో దాదాపు 90 రెట్లు. నిండా కొవ్వు. నీళ్లలో వేస్తే పైకి తేలుతుంది. మామూలు అర్చిన్ గుడ్లు అడుక్కి చేరతాయని అలవాటుపడ్డ కళ్లకి గుడ్లన్నీ బీకరు పైన పొరలా చేరడం వింతగా ఉంటుంది. అందులోంచి వచ్చే డింభకానికి పొడవాటి చేతులు లేవు, నోరు లేదు, పనిచేసే పేగు లేదు. చిన్న గింజలా ఉంటుంది. అమ్మ ఇచ్చిన సద్దిమూటతోనే మూడు నాలుగు రోజుల్లో నేరుగా పిల్ల అర్చిన్ అయిపోతుంది.

మార్పు చివర్లో ఎక్కడో రాలేదు, మొదటి నుంచే ఉంది. మామూలు అర్చిన్ పిండంలో 16 కణాల దశకి వచ్చేసరికి ఒక కొసన నాలుగు బుల్లి కణాలు ఏర్పడతాయి. మైక్రోమియర్లు అంటాం. డింభకం అస్థిపంజరం కట్టేవి వాటి సంతతే. ఎరిత్రోగ్రామాలో ఆ నాలుగూ లేవు, కణాలన్నీ సమానంగా విడిపోతాయి. ఎడమ వైపు శరీర కుహరం మాత్రం చాలా ముందే, చాలా పెద్దదిగా వచ్చేస్తుంది. పెద్ద శరీరం పనిని ముందుకు జరిపి, డింభకం పనిని వదిలేసినట్టు.

"పిండం తొలి దశలు మారవు, మారితే అంతా కూలిపోతుంది" అని మనం చదువుకున్నాం. ఈ జీవి ఆ తొలి దశలనే మార్చేసుకుని, చివరికి చక్కటి అర్చిన్‌గానే తేలింది.

వెన్నెలకెరటం | మంగళవారం, మధ్యాహ్నం 1:50

అంత పెద్ద మార్పుకి లాభం ఏమిటి? అదే నాకు అర్థం కాలేదు. నోరు పోగొట్టుకోవడం లాభమా?

పగడపుదిబ్బ | మంగళవారం, సాయంత్రం 4:25

వెన్నెలకెరటం గారూ, దీన్ని ఇంటి లెక్కలా చూడండి. తల్లి దగ్గర ఉన్న కొవ్వు, ప్రొటీన్ ఇంతే. లక్షల్లో చిన్న గుడ్లు పెడితే ఒక్కో పిల్లకి దాదాపు ఏమీ మిగలదు. అది వారాల పాటు తన తిండి తానే వెతుక్కోవాలి. ఆ వారాల్లో చేపలు, జెల్లీ చేపలు, కెరటాలు దాన్ని ఎటో తీసుకుపోతాయి. కొన్ని పెద్ద గుడ్లు పెడితే సంఖ్య తగ్గుతుంది కానీ నీళ్లలో గడిపే ప్రమాదకరమైన రోజులూ తగ్గుతాయి. శైవలాలు ఎప్పుడు దొరుకుతాయో తెలియని చోట రెండో దారి గెలవచ్చు.

అయితే "చలి సముద్రం కాబట్టి తినని డింభకం" అని సూత్రం రాసేయకండి. అంటార్కిటికాలో స్టెరెకైనస్ న్యూమయెరి అనే అర్చిన్ సున్నా డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో కూడా మామూలు ప్లూటియస్‌నే పంపుతుంది. అది పిల్ల అర్చిన్ కావడానికి దాదాపు 115 రోజులు పడుతుంది. అక్కడే పిల్లల్ని ముళ్ల మధ్య దాచుకుని పెంచే అర్చిన్లూ ఉన్నాయి. ఒకే సముద్రంలో రెండు జవాబులు!

మధ్య మెట్టు కూడా ఉంది. కరీబియన్‌లో క్లైపియాస్టర్ రోజేసియస్ అనే సీ బిస్కెట్ (ఒక రకం అర్చిన్) గుడ్డు మధ్యస్థంగా ఉంటుంది. దాని ప్లూటియస్‌కి చేతులున్నాయి, నోరుంది, తిండి పెడితే తింటుంది. పెట్టకపోయినా రూపవిక్రియ పూర్తి చేసుకోగలదు. అలాంటి చోట తినే పనిముట్లు తప్పనిసరి కావు. తప్పనిసరి కానిదాన్ని పాడు చేసే ఉత్పరివర్తనలను ప్రకృతివరణం ఏరివేయదు. ఎరిత్రోగ్రామా పూర్వీకులూ అలాంటి మెట్టు దాటే ఉంటారని నా నమ్మకం.

తినే డింభకాన్ని పోగొట్టుకోవడం అర్చిన్లలోనే వేర్వేరు శాఖల్లో పలుమార్లు జరిగింది. పోయినది తిరిగి రావడమే బహు అరుదు. అన్ని భాగాలూ మళ్లీ ఒకేసారి కుదరాలి కదా.

జన్యుపటం | మంగళవారం, రాత్రి 10:10

ఇంకో ముడి విప్పాలి. ప్లూటియస్ అర్చిన్లలో ఉంది, బ్రిటిల్ స్టార్లలో (సన్నని పొడవాటి చేతులుండే, నక్షత్రం లాంటి జీవుల్లో) కూడా ఉంది. ముల్లర్ మొదట పేరు పెట్టిన ప్లూటియస్ నిజానికి బ్రిటిల్ స్టార్‌దే. రెండింటికీ సున్నపు కడ్డీలు, పొడవాటి చేతులు. చూస్తే ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిందనిపిస్తుంది.

కానీ గత పదేళ్లకు పైగా వేల జన్యువులతో కట్టిన వంశవృక్షాలు బ్రిటిల్ స్టార్లను సముద్ర నక్షత్రాల పక్కన కూర్చోబెడుతున్నాయి. అర్చిన్లకు దగ్గర చుట్టం సముద్ర దోసకాయ. సముద్ర నక్షత్రం డింభకం బైపిన్నేరియాకి కడ్డీలు లేవు. సముద్ర దోసకాయ డింభకం ఆరిక్యులేరియా కూడా మెత్తటి ఒంటిదే, ప్లూటియస్ చేతులు లేవు. అంటే రెండు దారులే. చేతుల ప్లూటియస్ రెండుసార్లు విడివిడిగా పుట్టింది, లేదా ఒకసారి పుట్టి రెండు చోట్ల పోయింది. నేను మొదటి దారి వైపే మొగ్గుతాను. ఎందుకో చెబుతాను.

కడ్డీలు కట్టే పని మొదలుపెట్టించే ముఖ్యమైన జన్యువు ఏఎల్ఎక్స్1. దాని కింద సున్నం పేర్చే జన్యువుల పెద్ద బృందమే ఉంది. సముద్ర నక్షత్రంలో కూడా ఆ బృందం ఉంది, కాకపోతే పెద్ద శరీరం పెంకులు కట్టడానికి వాడుతుంది. పెద్దవాళ్ల పనిముట్ల పెట్టె మొత్తాన్ని తీసుకెళ్లి పిండం చేతిలో పెట్టారన్నమాట. గావో, డేవిడ్‌సన్ అనే శాస్త్రవేత్తలు 2008లో అర్చిన్ల గురించి రాసింది ఇదే. పెట్టె అప్పటికే సిద్ధంగా ఉన్నప్పుడు దాన్ని ముందు దశలో తెరవడం రెండు వంశాల్లో విడివిడిగా జరగడం నమ్మదగ్గ మాటే.

కాబట్టి సుద్దముక్క గారూ, ప్లూటియస్ పూర్వీకుల రూపం కాదు. అర్చిన్ వంశం ఆ తర్వాత సంపాదించుకున్న కొత్త రూపం. వాళ్లందరి పాత డింభకం చేతులు లేకుండా, నోటి చుట్టూ మెలికలు తిరిగిన శైలికల పట్టీతో, బైపిన్నేరియా, టోర్నేరియాల పోలికతో ఉండి ఉంటుంది. 2003లో జపాన్ శాస్త్రవేత్తలు కాడ ఉన్న సముద్ర లిల్లీ మెటాక్రైనస్ పిండాలను పెంచితే అందులో కూడా ఆరిక్యులేరియా లాంటి దశ కనిపించింది. సముద్ర లిల్లీలు ఈ కుటుంబంలో అందరికంటే ముందు విడిపోయిన శాఖ. అందుకే ఆ సాక్ష్యానికి అంత విలువ.

కొత్తదారి | బుధవారం, ఉదయం 7:45

డింభకం, పెద్దది రెండూ వేర్వేరు జీవులని, ఎప్పుడో సంకరమై కలిసిపోయాయని ఒక శాస్త్రవేత్త అన్నట్టు చదివాను. అంత తేడా చూస్తే అదే సరైనదేమో అనిపిస్తుంది.

జన్యుపటం | బుధవారం, ఉదయం 9:00

అది డొనాల్డ్ విలియమ్‌సన్ వాదన. ఆసిడియన్ (రాళ్లకు అంటుకుని బతికే సంచీ లాంటి సముద్ర జీవి) గుడ్లను అర్చిన్ వీర్యంతో ఫలదీకరిస్తే ప్లూటియస్‌లు వచ్చాయని, అవి అర్చిన్లుగా పెరిగాయని ఆయన చెప్పాడు. మైఖేల్ హార్ట్ 1996లో ఆ అర్చిన్ల మైటోకాండ్రియా డీఎన్ఏ పరీక్షించాడు. మైటోకాండ్రియా తల్లి గుడ్డు నుంచే వస్తుంది కాబట్టి ఆసిడియన్‌ది ఉండాలి. ఉన్నది అర్చిన్‌దే. అంటే అవి సంకరాలు కావు, మామూలు అర్చిన్లు. ఇక పెద్దదానికీ డింభకానికీ ఒకే జన్యుపటం, ఒకే పనిముట్ల పెట్టె అని పైన చూశాం కదా. రెండు జీవులు కలిసినట్టు అందులో ఎక్కడా అతుకు కనిపించదు.

పాతపాఠం | బుధవారం, ఉదయం 11:30

బాగా చెప్పారు. ప్లూటియస్ కొత్త రూపమని ఒప్పుకుంటున్నాను. కానీ నిన్నటి హీలియోసిడారిస్ గురించి చదువుతూ ఉంటే నాకొకటి గుర్తొచ్చింది. వాటికి సంకరం చేశారు కదా? దాని ఫలితం నా వైపే ఉన్నట్టు గుర్తు.

ల్యాబ్‌రాత్రులు | బుధవారం, మధ్యాహ్నం 2:20

మాస్టారూ, మీ జ్ఞాపకశక్తికి నమస్కారం. నేను కావాలనే రెండో విడతకి దాచుకున్న విషయం అది.

రుడాల్ఫ్ రాఫ్ బృందం 1999లో ప్రచురించిన పని. ఎరిత్రోగ్రామా గుడ్డు, ట్యూబర్‌క్యులేటా వీర్యం. (తిరగేసి కలిపితే గాస్ట్రులా అనే తొలి పిండ దశ దగ్గరే ఆగిపోతుంది.) ఈ సంకరాలు పిల్ల అర్చిన్ల దాకా పెరిగాయి. తల్లి వంశంలో పోయిన తినే డింభకపు భాగాలు తిరిగి వచ్చాయి. తండ్రి నుంచి ఒక్క వరుస జన్యువులు రాగానే, లక్షల ఏళ్లుగా మూతపడిన తలుపు తెరుచుకున్నట్టు. అయితే వచ్చింది తండ్రి ప్లూటియస్‌కి నకలు కాదు. తొలి దశల్లో ఆ సంకరం తల్లినీ పోలలేదు, తండ్రినీ పోలలేదు. నక్షత్రాలు, దోసకాయల డింభకాల సాధారణ రూపం, డైప్ల్యూరులా అంటామే, దాన్ని పోలింది.

మీ వైపు కొంత, నా వైపు కొంత అనిపిస్తోంది. పాత రూపపు లెక్క ఇంకా ఎక్కడో మిగిలి ఉందన్నది మీ మాట. నేనైతే దాన్ని ఇలా చదువుతాను: శైలికల పట్టీ, నోరు లాంటి పాత భాగాలు కుదిరి, చేతులు, కడ్డీలు లాంటి కొత్త భాగాలు సరిగా కుదరకపోతే మిగిలే ఆకారం పాతదానిలా కనిపించక తప్పదు. సంకరం పూర్వీకుడిని లేపలేదు, ఏ పొర ముందు వచ్చిందో ఏ పొర తర్వాత వచ్చిందో విడదీసి చూపించింది.

పాతపాఠం | బుధవారం, మధ్యాహ్నం 3:05

పొరలు అన్న మాట బాగుంది. ఆ వాక్యం ఇక నేను ఎవరికీ చెప్పను.

పగడపుదిబ్బ | బుధవారం, సాయంత్రం 6:40

సముద్ర నక్షత్రాల మాట కూడా చెప్పకుండా ఉండలేను. క్వీన్స్‌ల్యాండ్‌లో క్రిప్టాస్టెరినా అనే చిన్న నక్షత్రాలున్నాయి. వాటిలో పెంటగోనా అనే జాతి గుడ్లను నీళ్లలోకి వదులుతుంది, ఆడ మగ వేరు. దాని చెల్లెలు హిస్టెరా ఉభయలింగి, పిల్లల్ని ఒంట్లోనే పెంచి కంటుంది. ఈ రెండూ విడిపోయింది 6,000 నుంచి 22,000 ఏళ్ల క్రితమేనని 2012లో లెక్కగట్టారు. మనుషులు వ్యవసాయం నేర్చిన కాలానికి అటూ ఇటూ!

తరాల మార్పు అలా ఉంటే, ఒక్క డింభకం తన బతుకులోనే మారగలదు. ప్లూటియస్‌లకి తిండి తక్కువైతే చేతులు పొడుగు చేసుకుంటాయి, ఎక్కువ నీళ్లు జల్లెడ పట్టడానికి. శైవలాలు ఎక్కువున్నాయని పసిగడితే డోపమీన్ అనే నాడీ రసాయనం సంకేతంతో చేతుల పెరుగుదల తగ్గించి, ఆ సత్తువను లోపలి మొగ్గకి మళ్లిస్తాయి. పెద్ద గుడ్డు నుంచి వచ్చిన ప్లూటియస్‌లో కూడా అదే జరుగుతుంది, చేతులు పొట్టిగా, మొగ్గ ముందుగా. అమ్మ ఇచ్చిన తిండీ, సముద్రం ఇచ్చిన తిండీ ఒకే మీట నొక్కుతున్నట్టుంది. ఎరిత్రోగ్రామా వైపు నడక ఇలాంటి మీట దగ్గరే మొదలైందా అన్నది నన్ను వదలని ప్రశ్న.

సుద్దముక్క | బుధవారం, రాత్రి 9:30

కళ్లు తిరిగేంత సంతోషంగా ఉంది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇవాళ బోర్డు మీద ప్లూటియస్ గీసి, ఎడమ వైపు ఎర్ర సుద్దతో మొగ్గ పెట్టాను. ఆ అమ్మాయి వెంటనే "ఎడమే ఎందుకు మేడమ్?" అంది! అది వేరే పోస్టులో అడుగుతాను. ముందు ఒక మాట, పిల్లలకి ఇది నిజంగా చూపించడం సాధ్యమా? మా దగ్గర మామూలు కాంపౌండ్ మైక్రోస్కోపులు మూడున్నాయి.

ల్యాబ్‌రాత్రులు | బుధవారం, రాత్రి 11:00

సాధ్యమే మేడమ్. సీజన్‌లో ఉన్న నాలుగైదు అర్చిన్లు, శుభ్రంగా వడకట్టిన సముద్రపు నీళ్లు చాలు. నోటి చుట్టూ ఉండే మెత్తటి పొరలోంచి అర మోలార్ పొటాషియం క్లోరైడ్ కొద్దిగా ఎక్కిస్తే నిమిషాల్లో గుడ్లో, వీర్యమో వదులుతాయి. వీర్యాన్ని నీళ్లు కలపకుండా చల్లగా ఉంచండి. వాడే ముందు ఒక్క చుక్కను బాగా పలుచన చేయండి. ఎక్కువైతే గుడ్లు పాడవుతాయి. కలిపిన నిమిషం, రెండు నిమిషాల్లో గుడ్డు చుట్టూ ఫలదీకరణ పొర లేవడం పిల్లలు కళ్లారా చూస్తారు. గుడ్లు పలచగా ఒక్క పొరగా ఉండేలా వెడల్పు గిన్నెలో, నీడలో ఉంచండి. మన వేడికి ఒకటి రెండు రోజుల్లో నాలుగు చేతుల ప్లూటియస్‌లు ఈదుతుంటాయి. ఎనిమిది చేతుల దాకా పెంచాలంటే శైవలాల కల్చర్ కావాలి. మీ పాఠానికి నాలుగు చేతులు చాలు.

పెద్ద అర్చిన్లను అయిపోయాక తీసిన చోటే వదిలేయండి. సముద్ర దోసకాయల జోలికి మాత్రం వెళ్లొద్దు. మన దేశంలో 2001 నుంచి అవి వన్యప్రాణి చట్టం కింద పూర్తి రక్షణలో ఉన్నాయి.

తీరంవాసి | గురువారం, ఉదయం 5:50

సుద్దముక్క గారూ, మీ కాలేజీ మా వైపేనా? ఈ అమావాస్యకి పోటు బాగా దిగుతుంది. రాళ్ల దగ్గరికి నేను తీసుకెళ్తాను. పిల్లలకి మందపాటి చెప్పులు తప్పనిసరి. నీళ్లు తేవడానికి రెండు కొత్త ప్లాస్టిక్ క్యాన్లు కడిగి పెడతాను, సబ్బు తగలకుండా.

సుద్దముక్క | గురువారం, ఉదయం 6:10

గంటన్నర ప్రయాణం అండీ. వస్తాం. రెండో బెంచీ అమ్మాయి పేరు అందరికంటే ముందు రాసుకున్నాను.